సుబాబుల్ తోట వెనక ఉన్న లెక్క

మా నందిగామ వైపు మెట్టలో కాగితం మిల్లులకు కలప కోసం పెంచే సుబాబుల్ చెట్లు కనిపిస్తే, ఆ పొలం గలవాళ్లు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉన్నారని అనుకుంటా. అందరూ అలా కాదుగానీ మేం మాత్రం అంతే. నాన్న పోయాక పెదనాన్నగారి అబ్బాయి మాట విని పొలమంతా అదే వేశాం. కూలీల టెన్షన్ లేదు. మూడు నాలుగేళ్లకు నరికితే మోడు నుంచి మళ్లీ పిలకలొస్తాయి.

అంతకుముందు ఆ పొలం కౌలుకు చేసినాయన ఒకసారి కనిపించి, "చెట్లు మేమూ పెంచుతాం బాబూ, నాలుగేళ్లు భూమి ఎవరిస్తారు?" అన్నాడు. నిజమే. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టంలో ఒప్పందం 11 నెలలకే, అదీ భూమి యజమాని ఒప్పుకుంటేనే. మిరపకీ పత్తికీ సరిపోతుంది. చెట్టుకి ఎలా చాలుతుంది? భూమి చేజారుతుందన్న భయంతో మాలాంటివాళ్లం ఆ 11 నెలలకు సంతకం పెట్టడానికే వెనకాడతాం. అంటే ఊళ్లో చెట్టు నాటే హక్కు ఊళ్లో లేనివాళ్లదే అయింది.

కలప ఆధారిత పరిశ్రమలు అడవిని వదిలి రైతుల దగ్గర ముడిసరుకు తీసుకోవాలని 1988 జాతీయ అటవీ విధానం చెప్పింది. అడవికి అది మంచిదే. కానీ మా వైపు అమ్మేవాళ్లు వేలమంది, కొనే మిల్లులు కొన్నే. ప్రభుత్వం రేటు ప్రకటించినా తోట దగ్గరికొచ్చే బ్రోకర్ లెక్క వేరు. నిలబడి ఉన్న చెట్టు రేటు కోసం ఆగగలదు. నరికి బెరడు తీశాక మాత్రం ఎండకు రోజురోజుకీ బరువు తగ్గిపోతుంది, కాటా దగ్గర ఆ నష్టం మనదే. లారీ ఆలస్యమైతే చాలు, బేరం మన చేతిలోంచి జారినట్టే.

మరి టేకు వేయొచ్చు కదా అంటారు. అది చేతికొచ్చేసరికి ఒక తరం గడుస్తుంది. నరకడానికి అనుమతి, తరలించడానికి పర్మిట్ వేరే. ఆ కాగితాలు తలుచుకుంటే ఎవరైనా సుబాబుల్ వైపే మొగ్గుతారు.

ఈసారి కోత అయ్యాక మోళ్లు తీయించి, నాలుగేళ్లకు రాతపూర్వకంగా కౌలుకిద్దామని అన్నయ్యతో అన్నాను. పొక్లెయిన్ ఖర్చు ఎవరు పెడతారని అడిగాడు. కౌలు సంగతి మాత్రం ఎత్తలేదు.