పశువుల క్యాలెండర్‌తో ప్రెయిరీ ఫోటోలు

కాన్సాస్ సిటీ చుట్టుపక్కల మన సాఫ్ట్‌వేర్ వాళ్లలో కెమెరా పిచ్చి ఉన్నవాళ్లు లాంగ్ వీకెండ్ దొరికితే కొలరాడో కొండలకు వెళ్తారు. నేను ఎంపోరియా మీదుగా, కాన్సాస్ రాష్ట్రంలోనే ఉన్న స్ట్రాంగ్ సిటీకి పోతాను. ఇంటి నుంచి రెండు గంటల దారి. ఆ ప్రాంతాన్ని ఫ్లింట్ హిల్స్ అంటారు. ఫోటోలు పంపితే అమ్మ "ఏముందిరా అక్కడ, గడ్డి తప్ప?" అంటుంది.

నిజమే, గడ్డే. ఉత్తర అమెరికాలో ఒకప్పుడు దాదాపు 17 కోట్ల ఎకరాల్లో ఎత్తు గడ్డి ప్రెయిరీ, అంటే చెట్లు పెద్దగా లేని గడ్డి మైదానం, ఉండేది. ఇప్పుడు 4 శాతం కూడా లేదు, ఉన్నదాంట్లో ఎక్కువ భాగం ఇక్కడే. కాస్త తవ్వితే చాలు, సున్నపురాయి, చెకుముకిరాయి తగులుతాయి. అందుకే నాగలి దిగలేదు. మిగతాచోట్ల నేల మొక్కజొన్నకూ సోయాకూ పోయింది, ఇక్కడ పశువుల మేతకు మిగిలింది.

మొదట్లో వెదర్ యాప్ చూసుకుని బయల్దేరేవాణ్ని, ఇప్పుడు పశువుల క్యాలెండర్ చూసుకుంటాను. ఒక రోజు 177వ నంబరు రోడ్డు నుంచి కంకర దారిలోకి తిరిగి, కారు ఆపి ట్రైపాడ్ తీస్తుంటే పక్కన ఒక పికప్ ఆగింది. బండి చెడిపోయిందేమో, సాయం కావాలేమో అని ఆగాడట ఆ పెద్దాయన. ఫోటోల కోసమని చెప్తే నవ్వాడు. "ఇప్పుడేం కనపడుతుంది? గాలి అనుకూలిస్తే రేపు ఆ వాలు తగలబెడతాం, సాయంత్రం రండి. రోడ్డు మాత్రం దిగొద్దు" అన్నాడు.

మార్చి చివర, ఏప్రిల్‌లో ఇక్కడ మేతభూములకు నిప్పు పెడతారు. లేకపోతే సెడార్ చెట్లు మొలిచి గడ్డిని మింగేస్తాయి. నల్లబడ్డ నేల ఎండకు త్వరగా వేడెక్కి, కొత్త గడ్డి తొందరగా వస్తుంది. ఆ మర్నాడు వాళ్లు ముందు కౌంటీకి ఫోన్ చేసి చెప్పారు. గాలి ఎటు పోతోందో ఆ చివరన మొదట అంటించారు. ఆ మంట గాలికి ఎదురు పాకుతూ మెల్లగా నల్లటి పట్టీ చేసింది, ఇక పెద్ద మంట వచ్చినా అక్కడ ఆగాల్సిందే. తర్వాత అవతలి వైపు ఒక కుర్రాడు, పెట్రోలు నింపిన ఇనుప గొట్టాన్ని ఏటీవీ (పొలాల్లో తిరిగే చిన్న నాలుగు చక్రాల బండి) వెనక ఈడ్చుకుంటూ పోయాడు. అతని వెనకాలే మంట బారుగా లేచింది. నీళ్ల ట్యాంకు పెట్టుకున్న పికప్ ఇంకోటి అంచు వెంట తిరుగుతోంది.

ఫోటో తీయాల్సింది పొద్దు వాలాక, ఆకాశంలో ఇంకా నీలం ఉండగానే. ఆటోలో వదిలితే కెమెరా చీకటి చూసి ఎక్స్‌పోజర్ పెంచేస్తుంది, మంట తెల్లటి ముద్ద అవుతుంది. మాన్యువల్‌లో మంటకు తగ్గట్టు పెట్టుకుంటే పొగ, మనుషుల ఆకారాలు వాటంతట అవే వస్తాయి. బూడిద ఎగురుతుంటుంది కాబట్టి 70-200 జూమ్ లెన్స్ ఒక్కటే తగిలించుకుని వెళ్తాను, అక్కడ లెన్స్ మార్చే పని పెట్టుకోను. ఆ రాత్రి బట్టలు గరాజ్‌లోనే విప్పాలి, అది మా ఆవిడ రూలు.

వారం తిరిగేసరికి ఆ మసి మీద పచ్చిక మొలుస్తుంది. ఏటవాలు ఎండలో కొండల వంపులు అంత స్పష్టంగా ఇంకెప్పుడూ కనపడవు. నన్నడిగితే ఏడాదిలో ఒక్కసారే వెళ్లగలిగితే అప్పుడే వెళ్లాలి. ఆ తర్వాత ట్రక్కుల్లో పశువులు దిగుతాయి.

ఎండాకాలం గురించి చెప్పడానికి పెద్దగా లేదు. జూన్‌లో మిల్క్‌వీడ్ ఆరెంజ్ పూలు బాగుంటాయి. మిగతాదంతా ఉక్కపోత, చిగ్గర్లు అనే కంటికి కనపడని గడ్డి పురుగులు. ప్యాంటు సాక్సులోకి దోపుకున్నా నడుము చుట్టూ దద్దుర్లు ఖాయం.

చాలా రాంచుల్లో పశువుల్ని జూలైకల్లా తోలేస్తారు. అక్కణ్నుంచి గడ్డి మళ్లీ ఎదుగుతుంది. అక్టోబరులో నేను టాల్‌గ్రాస్ ప్రెయిరీ నేషనల్ ప్రిజర్వ్‌కు వెళ్తాను. 1996లో ఏర్పడింది, దాదాపు 11,000 ఎకరాలు. ఫాక్స్ క్రీక్ పక్క పల్లంలో బిగ్ బ్లూస్టెమ్ అనే గడ్డి నా తల దాటి పోతుంది. కాడలు ఎర్రబారి, కంకి మూడు పాయలుగా చీలి టర్కీ కోడి పాదంలా ఉంటుంది. వెనక నుంచి ఎండ పడేలా నిలబడి, షట్టర్ పావు సెకను దాకా తగ్గిస్తే గాలి కూడా ఫోటోలోకి వస్తుంది. 2009లో సౌత్ డకోటా నుంచి తెచ్చి వదిలిన బైసన్ల మంద కూడా ఇక్కడే ఉంది. వాటికి 100 గజాల దూరంలో ఉండాలి, సెల్ఫీలు తీసుకునేవాళ్లకు మరీ మరీ చెప్తున్నాను.

చలికాలంలో నాకు నచ్చేది 1882లో రాతితో కట్టిన లోయర్ ఫాక్స్ క్రీక్ స్కూలు. ఒకటే గది, కొండ మీద ఒంటరిగా ఉంటుంది. మంచు మీద కెమెరా లెక్క తప్పి అంతా బూడిదరంగు చేస్తుంది, ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ (అంటే రెట్టింపు వెలుగు) పెంచాలి. స్పేర్ బ్యాటరీ లోపలి జేబులో, ఒంటి వేడికి ఆనించి పెట్టుకోవాలి. మంచు కరిగే రోజుల్లో కంకర దారులు బురదవుతాయి, అప్పుడు నేను 177 దిగను. కౌన్సిల్ గ్రోవ్ నుంచి కాసడే వరకు 47 మైళ్లూ తారురోడ్డే. మొదటిసారి వెళ్లేవాళ్లకూ అదే మేలు. కంచె అవతల దాదాపు అంతా ఎవరో ఒకరి సొంత భూమి, ఫోటోలు ఇవతలి నుంచే తీసుకోండి.