ఏ స్తంభం నీడ అది?

నల్లగొండలో ఆటో ఎక్కి పానగల్ అనగానే డ్రైవరు "పచ్చల గుడికా, ఛాయ గుడికా?" అని అడిగాడు. పచ్చల సోమేశ్వరుడు, ఛాయా సోమేశ్వరుడు ఇద్దరూ కొలువున్నది ఆ ఊళ్లోనే. మాకు ముందు కావలసింది ఛాయ. గర్భగుడి వెనుక గోడ మీద పొద్దున్నుంచి సాయంత్రం దాకా కదలని స్తంభం నీడను చూపించమని తొమ్మిదో తరగతి చదివే మా మేనకోడలు నెల రోజులుగా నా ప్రాణం తీస్తోంది.

గుడి పొలాల మధ్య ఉంది. మూడు గర్భగుడులు ఒకే మండపంలోకి తెరుచుకునే త్రికూటాలయం. 11, 12 శతాబ్దాల్లో పానగల్‌ను రాజధానిగా చేసుకుని ఏలిన కందూరు చోడుల కాలం నాటిది.

లోపలి చీకటికి కళ్లు అలవాటుపడ్డాక కనిపించింది. లింగం వెనుక నిలువుగా నల్లటి పట్టీ, అటూ ఇటూ లేత వెలుతురు.

"మామయ్యా, ఇది ఏ స్తంభం నీడ?"

నేను వెనక్కి తిరిగి వెతికాను. మండపం నిండా నల్లరాతి స్తంభాలే కానీ లింగానికి సూటిగా ఎదురుగా ఒక్కటీ లేదు. ఎలా ఉంటుంది? భక్తుడికి శివుడు కనిపించాలంటే నడిమి దారి ఖాళీగా ఉండాలి కదా! ఇంతలో బయట మబ్బు పట్టింది. ప్రాంగణంలో మా నీడలు మాయమయ్యాయి. లోపలి నీడ కాస్త మసకబారిందే తప్ప చోటు వదలలేదు.

చిక్కుముడి అక్కడే వదులైంది. సూర్యుడు ఆకాశంలో గంటకు 15 డిగ్రీలు జరుగుతాడు. నేరుగా పడే ఎండ ఇచ్చే నీడ దానితో పాటు జరిగి తీరాలి. జరగలేదంటే ఆ వెలుగు ఎండది కాదు. గాలిలో చెదిరి, రాళ్ల మీద పడి తిరిగి, స్తంభాల సందుల్లోంచి లోపలికి వచ్చే మామూలు పగటి వెలుతురు అది. సూర్యుడు ఎక్కడున్నా సందులు ఉన్నచోటే ఉంటాయి.

మేము కూర్చుని లెక్క వేసుకున్నది ఇది. ఎడమ సందు వెలుతురు గడప దాటి ఏటవాలుగా వెళ్లి గోడకు కుడి పక్కన పడుతుంది. కుడి సందుది ఎడమ పక్కన పడుతుంది. నడిమి భాగానికి రెండూ సరిగా అందవు. అంటే మనం స్తంభం నీడ అనుకునేది నిజానికి రెండు వెలుగులు వదిలేసిన ఖాళీ. అన్ని స్తంభాలకూ అందులో వాటా ఉంది, ఏ ఒక్కదాని సొంతమూ కాదు. సూర్యాపేటకు చెందిన భౌతికశాస్త్ర అధ్యాపకుడొకరు ఈ నీడను ఏనాడో కాంతి ధర్మాలతో వివరించారు. మాకు మాత్రం మేమే కనిపెట్టినంత గర్వం!

శిల్పులు కావాలనే ఇలా కట్టారని ఆటో డ్రైవరు వాదన. జీవితమంతా రాతి మీద వెలుగునీడలు చూసుకుంటూ ఉలి పట్టినవారికి ఇది తెలియదని వాదించే ధైర్యం నాకు లేదు.

పచ్చల గుడిలో రామాయణ, భారత శిల్పాలను, పక్కనే ఉన్న మ్యూజియాన్ని హడావిడిగా చూశాం. ఉదయ చోడుడి పేరు మోసే ఉదయసముద్రం కట్ట మీద మాత్రం చాలాసేపు కూర్చున్నాం. అన్ని వందల ఏళ్ల చెరువు ఇప్పటికీ నీళ్లతో ఉంటే నాకు నీడకన్నా అదే వింతగా తోచింది. పిల్ల ఒప్పుకోలేదు.

ఇంటికి రాగానే చెప్పుల డబ్బాకు సన్నని వాకిలి కోసి, లోపల చిన్న గుండ్రాయి పెట్టి, బయట అటొకటి ఇటొకటి టార్చిలైట్లకు తెల్ల కాగితం చుట్టి వెలిగించింది. నాలుగుసార్లు జరిపాక వెనుక అట్ట మీద నడుమ నల్లటి పట్టీ నిలిచింది. ఒక లైటు ఆర్పితే సగం గోడ చీకటైంది.

మా అమ్మ వచ్చి వంగి చూసింది. చెయ్యెత్తి దండం పెట్టబోయి ఆగిపోయింది.

"చెప్పుల డబ్బాలోనా దేవుణ్ణి పెట్టారు? లేవండి, అలమరలో మిఠాయి డబ్బా ఉంది."