దీపావళికి కొత్త సాఫ్ట్‌వేర్ వద్దన్నాను

ఆదోనిలో జిన్నింగు మిల్లు లెక్కలు చూసేవాడికి పత్తి దిగడం మొదలైతే సంక్రాంతి దాకా ఊపిరాడదు. మా సేటు మాత్రం సరిగ్గా ఆ రోజుల్లోనే, దీపావళి లక్ష్మీపూజ నాడు కొత్త సిస్టం మొదలుపెడదామన్నాడు. పాత పుస్తకాలు మూసి కొత్తవి తెరిచే రోజట. శ్రావణంలో కూడా ముహూర్తాలుంటాయి సేటూ, అప్పుడు యార్డు ఖాళీగా ఉంటుంది అన్నాను.

ఆయనకు బ్రిటన్‌లోని టీఎస్‌బీ బ్యాంకు సంగతి చెప్పాను. 2018 ఏప్రిల్‌లో 50 లక్షలకు పైగా ఖాతాదారులను దాదాపు ఒక్క వారాంతంలోనే కొత్త సిస్టంలోకి మార్చారు. డేటా బాగానే చేరింది. చేరాక సిస్టమే నిలవలేదు, 19 లక్షల మంది దాకా తమ ఖాతాలు తెరవలేకపోయారు. రెండు డేటా సెంటర్లుంటే, ఒకేసారి ఎంత రద్దీని తట్టుకుంటాయో చూసే లోడు పరీక్ష ఒకదాని మీదే చేశారని తర్వాత విచారణలో బయటపడింది. 2022లో పడిన జరిమానా 4.86 కోట్ల పౌండ్లు. సేటు జరిమానా అంకె దగ్గర ఆగి, రూపాయల్లో ఎంతని అడిగాడు. ఇక పని జరుగుతుందనిపించింది.

సాఫ్ట్‌వేర్ కంపెనీ కుర్రాడు రిస్కుల పట్టిక తెచ్చాడు. ఎరుపు, పసుపు, పచ్చ రంగులు వేసి చూడముచ్చటగా ఉంది. అందులో మా మిల్లు లేదు, అంతే. కాటా దగ్గర కూర్చునే ముసలి గుమాస్తా దాన్ని చూడనే లేదు. "లోడు బరువు తీసుకున్నాక, బండి ఖాళీ అయి వచ్చేలోపు కరెంటు పోతే ఆ చీటీ యాడికి పోతాదప్పా?" అన్నాడు. యూపీఎస్ ఉందన్నాడు కుర్రాడు. "నెట్టు పోతే?" దానికి జవాబు రాలేదు.

ఆ ఒక్క ప్రశ్నతో పథకమంతా మారింది. కార్బన్ చీటీ పుస్తకం ఇంకో సీజనంతా ఉంటుంది. పోయినేడు బండ్లు ఎక్కువ వచ్చిన రోజు చీటీలన్నీ శ్రావణంలో కొత్త సిస్టంలో కొట్టి చూస్తాం. ముఖ్యంగా తేమ కోతలు. ప్రభుత్వ పత్తి కొనుగోలు సంస్థ సీసీఐ 8 శాతం తేమకు పూర్తి ధర కట్టి, ఆపైన కోత వేస్తుంది, 12 దాటితే కొనదు. మా కోతలూ దాదాపు ఆ లెక్కనే. దశాంశం ఎటు సర్దారన్నది కంప్యూటరుకు చిన్న విషయమే, రైతు మాత్రం గేటు దగ్గరే నిలదీస్తాడు.

ఇంకొక షరతు కూడా పెట్టాను. సాయంత్రం పాత మొత్తం, కొత్త మొత్తం కలవకపోతే మర్నాడు పాత పద్ధతే. ఆ మాట చెప్పే అధికారం గుమాస్తాది, సేటుదీ కాదు, నాదీ కాదు. సేటు ఒప్పుకున్నాడు. కంపెనీవాళ్ళే ఇంకా సంతకం పెట్టలేదు.