లీటర్లలో కొలిచే కంప్యూటర్

ఆదివారం

పొద్దున్నే టేపు పట్టుకుని బల్ల కొలిచాను. మానిటర్ పక్కన ఉన్న పుస్తకాలు తీసేస్తే ఎంత జాగా మిగులుతుందో కాగితం మీద రాసుకున్నా. పాత కంప్యూటర్ టవర్ బల్ల కింద కాళ్లకు అడ్డం పడుతోంది, నేల మీది దుమ్మంతా అదే పీలుస్తోంది. పైగా విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. దీనిలోని ప్రాసెసర్ విండోస్ 11కి పనికిరాదు. కొత్తది కొనక తప్పదు. కొనేది చిన్నదిగా ఉండాలి, బల్ల మీదే కూర్చోవాలి. పగలు నా ఆఫీసు పని, అమ్మ ఫోటోలు, రాత్రి నేనూ తమ్ముడూ ఆడే గేములు, అన్నీ దాని మీదే.

చిన్నది అనగానే తమ్ముడు అరచేతిలో పట్టే మినీ పీసీలు చూపించాడు. ముచ్చటగా ఉన్నాయి. వీటిలో చాలావాటికి తెర మీద బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు విడిగా ఉండదు, ప్రాసెసర్‌లో కలిసి వచ్చే గ్రాఫిక్సే ఆధారం. దాన్ని ఇప్పుడు తక్కువగా చూడలేం. ఏఎండీ వాళ్ల రేడియాన్ 780ఎం, 890ఎం లాంటివి సెట్టింగ్స్ కాస్త తగ్గిస్తే 1080పిలో, అంటే మామూలు ఫుల్ హెచ్‌డీ తెర మీద, చాలా గేములు ఆడిస్తాయి. కాకపోతే వాటికి సొంత మెమరీ ఉండదు, కంప్యూటర్ ర్యామ్‌నే పంచుకుంటాయి. అందుకే ఒక 16 జీబీ ర్యామ్ స్టిక్ పెట్టడం కన్నా రెండు 8 జీబీ స్టిక్కులు పెట్టడం మేలు. డేటా రెండు దారుల్లో వస్తుంది, గేములో ఆ తేడా కంటికి తెలుస్తుంది. అమ్మేవాళ్లు మొత్తం ఎంతో రాస్తారు గానీ ఎన్ని స్టిక్కులో చాలాసార్లు రాయరు. అడిగి తెలుసుకోవాలి.

గేములు ఎప్పుడో ఒకసారి ఆడేవాళ్లకు ఇది చాలు, ఇంకేం వెతకక్కర్లేదు. మాది అంతకన్నా ఎక్కువ చుక్కలుండే 1440పి మానిటర్. 1080పిలో సుమారు 20.7 లక్షల పిక్సెళ్లు ఉంటే ఇందులో 36.9 లక్షలు. ప్రతి ఫ్రేముకీ, అంటే తెర మీద మారే ఒక్కో బొమ్మకీ, అన్నీ గీయాలి. తమ్ముడు ఆడేవి పెద్ద పెద్ద ఓపెన్ వరల్డ్ గేములు. కార్డు లేకుండా కుదరదు.

"అక్కా, ఇందులో ఆర్‌టీఎక్స్ 4070 ఉంది చూడు" అని ఇంకో చిన్న పెట్టె చూపించాడు. ఎన్విడియా వాళ్ల గ్రాఫిక్స్ కార్డు అది. నిజమే, ఉంది. కానీ అది ల్యాప్‌టాప్ 4070. డెస్క్‌టాప్ 4070లో లెక్కలు చేసే చిన్న భాగాలు, అంటే కోర్లు, 5,888, 12 జీబీ మెమరీ ఉంటే ల్యాప్‌టాప్ దాంట్లో 4,608 కోర్లు, 8 జీబీ. పేరు ఒకటే, సరుకు వేరు. ఇలా పేరు కలపడం నాకు అసలు నచ్చదు. కొనేవాడు నంబర్ చూసే కదా డబ్బు కట్టేది.

మధ్యాహ్నమంతా వేడి లెక్కతోనే గడిచింది. కంప్యూటర్ ఎన్ని వాట్లు తింటే దాదాపు అంత వేడీ గదిలోకి రావాల్సిందే. పెట్టె చిన్నదైనంత మాత్రాన వేడి తగ్గదు, అది బయటికి పోయే దారి తగ్గుతుంది. చిన్న ఫ్యాను పెద్ద ఫ్యాను తోసినంత గాలి తోయాలంటే ఇంకా వేగంగా తిరగాలి, అప్పుడు కీచుమంటుంది. గేము ఆడేటప్పుడు హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటాం కాబట్టి మోత వినపడదు. ఉత్తప్పుడు మాత్రం అది నా చేతికి జానెడు దూరంలో ఉంటుంది. నాలుగు ట్యాబులు తెరవగానే గుయ్యిమనే యంత్రం పక్కన రోజంతా పని చేయలేను. అందుకని రివ్యూల్లో ఎన్ని ఫ్రేములు వచ్చాయన్నది తర్వాత చూసి, ఖాళీగా ఉన్నప్పుడు మోత ఎంతన్నది ముందు చూశాను. నాకు అదే పెద్ద పరీక్ష.

ఒక దశలో ఫ్రేమ్‌వర్క్ కంపెనీ వాళ్ల చిన్న కంప్యూటర్ ఫ్రేమ్‌వర్క్ డెస్క్‌టాప్ దగ్గర చాలాసేపు ఆగిపోయాను. లోపలి జాగా లెక్కన 4.5 లీటర్ల పెట్టె. అందులో పై మోడల్ ప్రాసెసర్ గ్రాఫిక్స్‌లో 40 కంప్యూట్ యూనిట్లు (కోర్ల గుంపులు), 890ఎంలో ఉన్నవి 16. ఇంత చిన్న దాంట్లో ఇంత బలమా అని ఆశ పుట్టింది. ర్యామ్ మాత్రం బోర్డుకే అతికి ఉంటుంది, కొన్న రోజున ఎంతో ఆఖరిదాకా అంతే. నేను కంప్యూటర్‌ని ఏళ్లకేళ్లు వాడతాను, మధ్యలో ఒక్కో భాగం మారుస్తూ. నా వాడకానికి అది సరిపడదు.

చివరికి మినీ ఐటీఎక్స్ అనే చిన్న మదర్‌బోర్డు సైజు దగ్గర స్థిరపడ్డాను. 17 సెంటీమీటర్ల చదరపు బోర్డు, 2001లో వయా కంపెనీ తెచ్చిన కొలత, ఇప్పటికీ అదే నడుస్తోంది. గ్రాఫిక్స్ కార్డుకి ఒకే స్లాటు, ర్యామ్‌కి మామూలుగా రెండు. నాకు అంతకన్నా అక్కర్లేదు. పవర్ సప్లై కూడా ఎస్‌ఎఫ్‌ఎక్స్ అనే చిన్న సైజుది, 125 మిల్లీమీటర్ల వెడల్పు, 100 మిల్లీమీటర్ల పొడవు. ఈ బోర్డు పెట్టే పెట్టెల, అంటే కేసుల, గురించి మాట్లాడేవాళ్లు లీటర్లలో మాట్లాడతారు. ఐదు లీటర్లదైతే ప్రాసెసర్‌ని చల్లబరిచే కూలర్ ఎత్తు, కార్డు పొడవు, అన్నిటికీ గొడవే. 37 మిల్లీమీటర్ల పొట్టి కూలర్లు దొరుకుతాయి గానీ వాటి మీద ఎక్కువ వాట్ల భారం వేయలేం. 12, 13 లీటర్ల దాకా వెళ్తే కాస్త ఊపిరాడుతుంది, బల్ల మీదా పడుతుంది.

లోపల పెట్టేది 65 వాట్ల తరగతి ప్రాసెసర్, రెండు స్టిక్కులుగా 32 జీబీ ర్యామ్, 16 జీబీ ఆర్‌టీఎక్స్ 5060 టీఐ. ఆ కార్డుకి 180 వాట్లు. 650 వాట్ల పవర్ సప్లై హాయిగా మోస్తుంది, సగం బరువుతోనే నడుస్తుంది కాబట్టి దాని ఫ్యానూ నెమ్మదిగా ఉంటుంది. ఇదే కార్డు 8 జీబీతో కూడా వస్తుంది. 1440పిలో కొత్త గేములు ఆడుతూ కొన్నేళ్లు ఉంచుకోవాలనుకునేవాళ్లు దాని జోలికి పోకపోవడం మంచిది.

తమ్ముడికి ఒక్క పట్టుదల మిగిలింది. పక్క పలక అద్దంది కావాలట, లోపలి లైట్లు కనపడాలట. ఈ కేసులో కార్డు సరిగ్గా ఆ పలకకు ఆనుకునే ఉంటుంది, గాలి లాగేది అటునుంచే. రాత్రి ఇద్దరం కూర్చుని కేసు బొమ్మ మీద ఏ ఫ్యాను గాలి ఎటు లాగుతుందో బాణాలు గీశాం. కాసేపు చూసి "సరే అక్కా, జాలీదే తీసుకుందాం" అన్నాడు.