లోక్‌సభలో ప్రశ్న వేయించడం: నా అనుభవం

ఎంపీ ఆఫీసులో ప్రశ్నల ఫైలు చూసేవాడికి ముందు క్యాలెండర్ వంటబట్టాలి. లోక్‌సభలో ప్రశ్నకు 15 పూర్తి రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. నోటీసు ఇచ్చే రోజు, జవాబు వచ్చే రోజు ఈ లెక్కలోకి రావు. అంటే 31న జవాబు కావాలంటే 15వ తేదీకల్లా నోటీసు పడాలి. శాఖలన్నిటినీ ఐదు గ్రూపులు చేసి వారంలో తలా ఒక రోజు ఇస్తారు. రైల్వేది బుధవారం. ఆ తేదీల పట్టిక సమావేశాలకు ముందే బులెటిన్ రెండో భాగంలో వస్తుంది. నేనైతే దాన్ని ప్రింటు తీసి గోడకు అంటిస్తాను. ఒక్క రోజు జారితే మళ్లీ వారం ఆగాలి. శీతాకాల సమావేశాల్లో ఉండే బుధవారాలే మూడు నాలుగు.

ఒక్కో రోజుకు ఒక సభ్యుడు ఐదు నోటీసులే ఇవ్వగలడు. జాబితాలో స్టార్ ప్రశ్నలు (మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాల్సినవి) 20, స్టార్ లేనివి (రాతపూర్వక జవాబు వచ్చేవి) 230. స్టార్‌కు బ్యాలెట్, అంటే లాటరీ ఉంటుంది, సభ్యుడికి ఒక్కటే దక్కుతుంది. దక్కినా సంబరపడొద్దు. 11 నుంచి 12 గంటల మధ్య మంత్రి నోటితో జవాబు చెప్పేది సాధారణంగా ఐదారు ప్రశ్నలకే. మిగతా వాటికి రాతపూర్వక జవాబే గతి. అంకెలు కావాలంటే స్టార్ లేని ప్రశ్నే మేలని నా అభిప్రాయం. మంత్రి చేత సభలో ఒక మాట అనిపించాలంటేనే స్టార్ కోసం పాకులాడాలి.

అసలు పని ప్రశ్న రాయడంలో ఉంది. 150 పదాలు దాటకూడదు. వాదన, వ్యంగ్యం, ఆరోపణ ఉండకూడదు. కోర్టు విచారణలో ఉన్న విషయం, పార్లమెంటరీ కమిటీ ముందున్న విషయం పనికిరావు. రాష్ట్రాల పరిధిలోని పోలీసు వ్యవహారం అడిగితే ప్రశ్న తిరిగొస్తుంది, లేదా కేంద్ర, రాష్ట్రాల అధికారాలను పంచే రాజ్యాంగం ఏడో షెడ్యూలు చూపించి జవాబు ముగించేస్తారు.

నోటీసు ఆమోదం పొందినా జవాబు చెడే చోటు ఇంకొకటుంది. దక్షిణ కోస్తా రైల్వే జోన్ సంగతే చూడండి. చాలామంది ఇలా రాస్తారు: ‘(ఎ) జోన్ పనుల్లో జాప్యం జరుగుతోందా? (బి) అయితే, వివరాలేమిటి? (సి) కారణాలేమిటి?’ (ఎ)కి ‘లేదండి’ అంటే చాలు, (బి), (సి)లకు కలిపి ‘ప్రశ్న ఉత్పన్నం కాదు’ అని ఒక్క ముక్క. మూడు వారాల శ్రమ గోదాట్లో కలిసినట్టే. అదే నేనైతే ఇలా రాస్తాను: ‘(ఎ) 2019 ఫిబ్రవరి 27న ప్రకటించిన జోన్‌కు ఇప్పటిదాకా ఏటా విడుదల చేసిన నిధులు, చేసిన ఖర్చు ఎంత? (బి) విశాఖలో ప్రధాన కార్యాలయానికి స్వాధీనమైన భూమి ఎంత, ఏ తేదీన? (సి) మంజూరైన పోస్టులెన్ని, భర్తీ అయినవెన్ని?’ దీనికి అవును, కాదు అని తప్పించుకోవడం కష్టం. ‘అయితే’ అనే పదం కనబడితే నేను కొట్టేస్తాను.

ప్రభుత్వ ఖర్చులను ఆడిట్ చేసే కాగ్ నివేదిక సభ ముందుకు వచ్చిన రోజే చదివితే మంచి ప్రశ్నలు దొరుకుతాయి. పేరాలో తేల్చిన లోపాన్ని మళ్లీ అడగొద్దు, నివేదికలోనే ఉందంటారు. ఆ తర్వాత ఎంత రికవరీ చేశారు, ఎవరి మీద చర్య తీసుకున్నారు అని అడగాలి. ఆ పేరాను ప్రజాపద్దుల కమిటీ (కాగ్ నివేదికలను పరిశీలించే పార్లమెంటరీ కమిటీ) పరిశీలనకు తీసుకుందేమో ముందు చూసుకోవాలి. తీసుకుంటే నోటీసు వృథా.

స్టార్ ప్రశ్న వంతు వస్తే ఎంపీకి రెండు అనుబంధ ప్రశ్నలు అడిగే వీలుంటుంది. ఒక్కోదానిలో ఒక్క విషయమే పెట్టి చీటీ ఇవ్వాలి. మూడు విషయాలు కలిపితే మంత్రి తేలికైనదానికి జవాబు చెప్పి కూర్చుంటారు.

జవాబు వచ్చాక ఫైలు మూసేస్తారు చాలామంది. అదే పొరపాటు. ‘సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందుంచుతాం’, ‘పరిశీలనలో ఉంది’ లాంటి మాటలు హామీ కింద లెక్కకు వస్తాయి. 15 మంది సభ్యుల ప్రభుత్వ హామీల కమిటీ వాటిని ఏరుతుంది. శాఖ 3 నెలల్లో నెరవేర్చాలి, లేదా గడువు పొడిగించమని కమిటీనే అడగాలి. అందుకని జవాబు కాపీ మీద ఎర్ర ఇంకుతో ఆ వాక్యం కింద గీత గీసి, 3 నెలల తర్వాతి తేదీ పక్కనే రాసిపెడతాను. ఆ తేదీ దాటినా అమలు ప్రకటన సభ ముందుకు రాకపోతే ఎంపీ చేత కమిటీకి ఉత్తరం రాయిస్తాం. ఈలోగా జవాబులో తేలని విషయం పెద్దదైతే లోక్‌సభ నియమావళి 55వ నిబంధన కింద అరగంట చర్చకు నోటీసు ఇవ్వొచ్చు. దానికి 3 రోజుల ముందు నోటీసు చాలు, స్టార్ లేని ప్రశ్న మీద కూడా కుదురుతుంది.