మూలకణాలకు పండగ సెలవు లేదు

సద్దుల బతుకమ్మకు హనుమకొండ వచ్చాను. పద్మాక్షి గుట్ట దగ్గర ఉండగా కూడా నా ధ్యాసంతా ప్రయోగశాలలోని పళ్లేల మీదే.

ఒంట్లోని ఏ రకం కణంగానైనా మారగల మానవ మూలకణాలను పెంచడం చంటిపిల్లల చాకిరీ. 37 డిగ్రీల వేడి, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉండాలి. పోషక ద్రవాన్ని దాదాపు రోజూ మార్చాలి. గులాబీ రంగు ద్రవం పసుపుకు తిరిగిందంటే ఆమ్లం పెరిగినట్టే. సూక్ష్మదర్శినిలో కణాల గుంపుల అంచులు నున్నగా కనిపిస్తే ప్రాణం లేచొస్తుంది. అంచులు చెదిరి కణాలు సాగిపోతే, అవి చెప్పాపెట్టకుండా వేరే కణాలుగా మారిపోతున్నాయన్నమాట. అదో మొండి జాతి!

1998లో అమెరికాలో జేమ్స్ థామ్సన్ బృందం వీటిని మానవ పిండాల నుంచి తీసి, ఎలుక కణాల పొర మీద పెంచింది. 2007లో జపాన్‌లో షిన్యా యమనాకా బృందం నాలుగు జన్యువులతో మనిషి చర్మకణాలనే అలాంటి మూలకణాల స్థితికి తెచ్చింది. పిండంతో పని లేకుండా పోయింది. 2012 నోబెల్ పంచుకున్న ఇద్దరిలో ఆయన ఒకరు.

ఇంట్లో పెద్దనాన్న మోకాలు చూపించి, "ఆ కణాలేవో నాకూ ఎక్కించరాదా? ఎవరో లక్షల్లో అవుతుందన్నారు" అన్నారు. నాకు ఒళ్లు మండింది, ఆయన మీద కాదు, ఆ చెప్పినవాళ్ల మీద. రక్త సంబంధ వ్యాధులకు చేసే మూలకణ మార్పిడి వంటివి తప్ప మిగతావన్నీ అనుమతి పొందిన ప్రయోగ పరీక్షల్లోనే జరగాలని 2017 జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. అదే చెప్పాను.

"మరి ఇన్నేళ్లు ఏం చదివినట్టు?" అన్నారు పెద్దనాన్న, సత్తుపిండి గిన్నె నా వైపు జరుపుతూ.