పోచంపల్లి వెళ్ళొచ్చాక మా అమ్మాయి

అమెరికా నుంచి హైదరాబాద్ వచ్చేస్తే పిల్లలకు భాష, అలవాట్లు వాటంతట అవే వస్తాయని మా బంధువుల్లో చాలామంది గట్టిగా నమ్ముతారు. అలా రావు. కొండాపూర్‌లో మేముండే అపార్ట్‌మెంట్లో పిల్లలు ఆడుకునేదీ ఇంగ్లీషులోనే, పోట్లాడుకునేదీ ఇంగ్లీషులోనే. 2018లో చట్టం చేసి తెలంగాణ బళ్ళలో తెలుగు తప్పనిసరి చేశారు, ఆ మేరకు మేలే. కానీ డాలస్‌లో పుట్టి, ఆరో తరగతిలో ఇక్కడికొచ్చిన పిల్లకు అది మార్కులు తగ్గించే సబ్జెక్టు మాత్రమే. మేం ఇంట్లో తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు చెప్పేది.

బడివాళ్ళు భూదాన్ పోచంపల్లికి ఒకరోజు ట్రిప్ అన్నప్పుడు మా అమ్మాయి వెళ్ళనంది. తన యాస విని క్లాసులో నవ్వుతారు, బస్సులో పక్కన ఎవరూ కూర్చోరు, అదీ దాని టెన్షన్. తోడుగా తల్లులెవరైనా రావచ్చు అన్నారు కానీ నేను వెళ్ళలేదు. మనం పక్కనుంటే పిల్లలు నోరు తెరవరు, వాళ్ళ బదులు మనమే మాట్లాడేస్తాం. వెళ్ళకపోవడమే మంచిదని ఇప్పటికీ అనుకుంటాను.

ఆ రోజు గురించి రాసేది మా అమ్మాయి చెప్పిందీ, వాళ్ళ టీచరు చెప్పిందీ కలిపి.

ఒక నేత ఇంట్లో పిల్లల్ని గుంపులుగా కూర్చోబెట్టారట. అక్కడి ఇక్కత్ నేతలో డిజైను బట్ట నేశాక అద్దేది కాదు, నేయకముందే దారంలో ఉంటుంది. గ్రాఫ్ కాగితం మీద గీసుకున్న లెక్క ప్రకారం, రంగు అంటకూడని చోటల్లా దారాలను రబ్బరు పీలికలతో బిగించి కడతారు. రంగులో ముంచుతారు, ఆరాక విప్పుతారు, ఇంకో రంగుకి మళ్ళీ కడతారు. మగ్గం ఎక్కేది ఆ తర్వాతే. ఆ ఇంటి అవ్వ పాత దారాలు కొన్ని పిల్లల చేతికిచ్చి కట్టమంది. మా అమ్మాయి కట్టిన చోట పీలిక వదులై, తెల్లగా ఉండాల్సిన దారం ఎర్రగా వచ్చింది. "గట్టిగ కట్టు బిడ్డా, గిట్లయితే రంగు దూరుతది" అని అవ్వ తన వేలు దాని వేలి మీద పెట్టి పీలికను రెండు చుట్లు తిప్పి లాగి చూపించిందట. దారం రెండో కొస పట్టుకున్నది, రోజూ దాని మాటలకు నవ్వే అమ్మాయే. ఆ పిల్ల ఇప్పుడు శనివారాలు మా ఇంట్లోనే భోంచేస్తుంది.

"అవ్వా, చెయ్యి నొప్పి రాదా?" అని మా అమ్మాయి అడిగిందట, తనంతట తాను, అందరి ముందూ. అవ్వ భుజం చూపించి, ఆసు పోసే రోజుల గురించి చెప్పిందట. ఆసు పోయడమంటే, రంగు కోసం కట్టేముందు దారాన్ని మేకుల చుట్టూ వరసగా చుట్టడం. ఒక్క చీరకు ఆసు పోయాలంటే చెయ్యి దాదాపు 9,000 సార్లు ముందుకీ వెనక్కీ ఆడాలి. ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం గారు తన తల్లి భుజం నొప్పి చూడలేకే లక్ష్మీ ఆసు యంత్రం తయారుచేశారు. ఆయన ఆరో తరగతితో బడి మానేసినవారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. టీచరు ఇది చెప్పినప్పుడు మా అమ్మాయి అడిగింది ఒకటే, "వాళ్ళమ్మ ఆ మెషీన్ చూసి ఏమన్నారు?"

ఇంటికొచ్చి ముందుగా మా మామగారికి చెప్పింది మాత్రం భూదానం సంగతి. 1951లో వినోబా భావే ఆ ఊరొచ్చినప్పుడు దళితులు అడిగింది 80 ఎకరాలు, అక్కడి భూస్వామి వెదిరె రామచంద్రారెడ్డి గారు ఇచ్చింది 100 అని. "అడిగినదానికన్నా ఎక్కువ ఎందుకిచ్చారు తాతయ్యా?" అంటూ ఆయన్ని నిద్రపోనివ్వలేదు. మాటల మధ్య ఇంగ్లీషు దొర్లింది, క్రియలు తప్పాయి, మామగారు ఎక్కడా దిద్దలేదు. నన్నూ దిద్దొద్దని కళ్ళతోనే చెప్పారు.

అసలు మార్పు మా అత్తగారి బీరువా దగ్గర చూశాను. డాలస్‌లో ఉన్నంతకాలం వీడియో కాల్‌లో నాన్నమ్మా మనవరాళ్ళ మాటలు "బాగున్నావా, తిన్నావా" దాటేవి కావు. ఇప్పుడు ఒక్కో చీర తీసి, కొంగు తిరగేసి, "ఇది నేసింది, రెండు వైపులా ఒకేలా ఉంది. ఇది ప్రింటు, వెనకాల వెలిసినట్టుంది" అని అది చెబుతుంటే, ఆవిడ ఏ చీర ఎవరు పెట్టారో, ఏ పెళ్ళికి కట్టుకున్నారో చెబుతూ కూర్చున్నారు. పెళ్ళైన ఇన్నేళ్ళలో నాకూ తెలియని సంగతులవి. తన ఆడపడుచు సీమంతానికి చీర కొనడానికి ఆవిడ చిట్టీ ఎత్తారని ఆరోజే విన్నాను.

మన పిల్లలకు పండగలు, పట్టుబట్టలు, నృత్యం క్లాసులు అన్నీ అందిస్తాం. అవి ఉండాల్సిందే. కానీ ఆ బట్ట ఎవరి చేతిలోంచి వచ్చిందో చూసి, వాళ్ళతో నాలుగు మాటలు మాట్లాడాల్సిన అవసరం పడ్డాకే మా అమ్మాయికి తెలుగు తనదైంది. ఇది ఇంట్లో కూర్చుని నేను ఇవ్వగలిగేది కాదు.

మొన్న మావాడి బడి నుంచి గోల్కొండ ట్రిప్పు ఫారం వచ్చింది. కోట గేటు ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన కొండమీది బాలా హిస్సార్‌లో వినిపిస్తుందని వాడు ఒకటే గంతులు. అక్క పక్కన కూర్చోబెట్టుకుని చెబుతోంది, "చప్పట్లు కొట్టు, కానీ గేటు దగ్గర జామకాయలు అమ్మేవాళ్ళుంటే వాళ్ళతో కూడా మాట్లాడు. ఏం అడగాలో నేను రాసిస్తాను."